కట్టులోనే బలం

ఉద్దేశం : భౌతికశాస్త్ర గ్రంథంలో చదివిన సూత్రం చేతిపనిలో ఏ విధంగా ప్రాణం పోసుకొంటుందో, శ్రద్ధ లోపించినచోట అదే సూత్రం ఏ విధంగా ప్రాణాంతకమవుతుందో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. విద్యుత్తుతో నడిచే పడవలో బ్యాటరీలను ఒకదానితో ఒకటి సంధానించే పద్ధతిని ఉద్దానం తీరం నేపథ్యంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

పలాస నుండి తూర్పు దిక్కుగా సాగే బాటలు జీడితోటల నడుమ మెలికలు తిరిగి, కొబ్బరిచెట్ల నీడలో కొంతదూరం నడిచి, చివరకు ఇసుకలో కలిసిపోతాయి. అక్కడి నుండి బంగాళాఖాతం మొదలవుతుంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం మండలాల్లో వ్యాపించిన ఈ పచ్చని సీమకు ఉద్దానమని పేరు. ‘ఉద్యానం’ అనే సంస్కృత శబ్దమే ప్రజల నోట ‘ఉద్దానం’గా మారిందని పెద్దల మాట. దీనికి దక్షిణంగా టెక్కలి ప్రాంతంలో నౌపడా ఉప్పుమళ్లు, భావనపాడు రేవు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు దాదాపు 193 కిలోమీటర్లు. వేకువనే లేచి, గాలి వాలు చూసుకొని వేటకు బయలుదేరే మత్స్యకారుల జీవనం ఈ తీరంలో తరతరాలుగా సాగుతున్నది.

ఈ తీరవాసులకు అనాదిగా తోడు నిలిచిన వాహనం తెప్ప. తేలిక కొయ్య దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి, తాళ్లతో బిగించి కట్టినదే తెప్ప. దానిలో మేకు ఉండదు, ఇనుము ఉండదు. ఏ దుంగకు ఆ దుంగగా విడదీస్తే ఒక్కటి కూడా మనిషిని అలల మీదుగా దాటించలేదు. కట్టు బిగువుగా ఉన్నంతవరకే అది తెప్ప. కట్టు సడలిన మరుక్షణం అది చెదిరిన కొయ్యల గుంపు. అందుచేతనే అనుభవజ్ఞుడైన మత్స్యకారుడు వేటకు పోయే ముందు దుంగలకన్నా ముందుగా ముడులను తడిమి చూస్తాడు. తమిళులు ఈ తెప్పనే ‘కట్టుమరం’ అన్నారు. ‘మరం’ అంటే మాను. ఆ మాటే ఆంగ్లేయుల నోట ‘కాటమరాన్’ అయి, నేడు రెండు దేహాలను జంటగా కూర్చి నిర్మించే నౌకలన్నింటికీ పేరుగా ప్రపంచమంతటా చెలామణి అవుతున్నది.

కాలక్రమంలో తెప్పల స్థానాన్ని చాలావరకు ఫైబరు పడవలు ఆక్రమించాయి. తెడ్డుకు, తెరచాపకు బదులు ఇంజను వచ్చింది. దానితో దూరం తగ్గింది, శ్రమ తగ్గింది. కాని చమురు ఖర్చు పెరిగింది. వల నిండినా నిండకపోయినా చమురుకు పెట్టిన రొక్కం తిరిగి రాదు. ఇంజను మోత, పొగ, నీటిపై తేలే నూనె తెట్టు వీటికి అదనం. ఈ పరిస్థితిలో పడవను విద్యుత్తుతో నడపవచ్చునా అనే ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది. నడపవచ్చును. అయితే నేలమీద బండి ఆగిపోతే దిగి నడిచిపోవచ్చు. సముద్రంలో పడవ ఆగిపోతే దిగేందుకు నేల ఉండదు. నిప్పు పుడితే పారిపోయేందుకు చోటు ఉండదు. కాబట్టి పడవలో బ్యాటరీలను కలిపి కట్టే పని తెప్పను కట్టే పనికి ఏమాత్రం తీసిపోని బాధ్యత గలది.

విద్యుత్ పడవ నిన్న మొన్నటి ఊహ కాదు. 1800లో ఓల్టా తొలి విద్యుద్ఘటమాలను లోకానికి ప్రకటించాడు. 1838లో జాకోబీ అనే శాస్త్రవేత్త రష్యాలోని నేవా నదిపై బ్యాటరీలతో పడవ నడిపాడు. 1859లో ప్లాంటే సీసపు బ్యాటరీని రూపొందించాడు; మరల మరల నింపుకోదగిన బ్యాటరీలలో ఇదే మొదటిది. 1881లో ట్రూవే పారిస్‌లోని సేన్ నదిలో విద్యుత్ పడవను నడిపి చూపాడు. ఆ తరువాత చమురు ఇంజన్ల ప్రాబల్యంలో ఈ ప్రయత్నాలు మరుగున పడ్డాయి. 1991లో లిథియం అయాన్ బ్యాటరీ విపణిలోకి రావడంతో పరిస్థితి మారింది. ఆ బ్యాటరీకి పునాదులు వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

మనదేశంలో ఈ మార్గంలో తొలి అడుగు కేరళలో పడింది. 2017 జనవరి 12న వేంబనాడు సరస్సులో వైకం, తవణక్కడవు రేవుల నడుమ ‘ఆదిత్య’ అనే సౌరవిద్యుత్ నౌక ప్రారంభమైంది. 20 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు గల ఈ నౌక 75 మంది ప్రయాణికులను మోస్తుంది. దాని పైకప్పు మీద 20 కిలోవాట్ల సౌరఫలకాలు, అడుగున రెండు దేహాలలో కలిపి 50 కిలోవాట్ గంటల శక్తిని నిలువచేసే లిథియం బ్యాటరీలు అమర్చారు. అది కూడా కాటమరానే. మన తీరపు తెప్ప పేరును మోసే నౌకే సూర్యరశ్మితో నడవడం ముచ్చటైన విషయం. 2023 ఏప్రిల్ 25న కొచ్చిలో ప్రారంభమైన జల మెట్రో నౌకలు కూడా బ్యాటరీలతో నడిచేవే.

ఘటం - ఘటమాల

బ్యాటరీ అని వ్యవహరించే వస్తువు నిజానికి అనేక ఘటాల కూర్పు. వాడుకలో సెల్ అనే దానినే శాస్త్రగ్రంథాలు విద్యుద్ఘటం అన్నాయి. ఘటమంటే కుండ. ఈ పేరు అర్థవంతమైనది. కుండలోని నీటిమట్టం ఎత్తు వంటిది ఓల్టేజి. కుండలో పట్టే నీటి పరిమాణం వంటిది సామర్థ్యం. దానిని ఆంపియర్ గంటలలో కొలుస్తారు. ఎత్తును, పరిమాణాన్ని గుణిస్తే లభించే శక్తిని వాట్ గంటలలో చెబుతారు. సీసపు ఘటం ఓల్టేజి సుమారు 2 ఓల్టులు; అటువంటివి ఆరు ఒకే పెట్టెలో ఇమిడితే మనకు పరిచితమైన 12 ఓల్టుల బ్యాటరీ అవుతుంది. పడవలకు నేడు విరివిగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఘటం ఓల్టేజి 3.2 ఓల్టులు.

ఘటాలను రెండు విధాలుగా సంధానించవచ్చు. ఒక ఘటం ధనాగ్రాన్ని తరువాతి ఘటం ఋణాగ్రానికి కలుపుతూ పోతే అది శ్రేణి సంధానం. ఇందులో ఓల్టేజీలు కూడుకొంటాయి. సామర్థ్యం మాత్రం ఒక్క ఘటానిదే ఉంటుంది. ధనాగ్రాలన్నింటినీ ఒకచోట, ఋణాగ్రాలన్నింటినీ మరొకచోట చేరిస్తే అది సమాంతర సంధానం. ఇందులో ఓల్టేజి మారదు, సామర్థ్యాలు కూడుకొంటాయి. 3.2 ఓల్టులు, 100 ఆంపియర్ గంటలు గల ఘటాలను పదహారింటిని శ్రేణిలో కలిపితే 51.2 ఓల్టుల వరుస ఏర్పడుతుంది. దాని శక్తి 5.12 కిలోవాట్ గంటలు. అటువంటి రెండు వరుసలను సమాంతరంగా కలిపితే ఓల్టేజి అంతే ఉండి శక్తి 10.24 కిలోవాట్ గంటలవుతుంది. ఈ మొత్తం కూర్పునే బ్యాటరీ బ్యాంక్ అంటారు.

శ్రేణి సంధానం ఎందుకు అవసరమో ఒక లెక్క తేటపరుస్తుంది. చిన్న పడవకు 5 కిలోవాట్ల మోటారు అమర్చినట్లు భావిద్దాం. 12 ఓల్టులతో దానిని నడపాలంటే 400 ఆంపియర్లకు మించిన ప్రవాహం కావాలి. 51.2 ఓల్టులైతే దాదాపు 100 ఆంపియర్లు చాలు. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం నాలుగో వంతైతే, అదే తీగలో వృథా అయ్యే వేడి పదహారో వంతుకు దిగుతుంది. అందుచేత చిన్న పడవలలో 48 ఓల్టుల వర్గానికి చెందిన బ్యాంకులను ఎక్కువగా ఎన్నుకొంటారు.

సమానత్వమే మూలసూత్రం

శ్రేణిలో ఉన్న ఘటాలన్నింటి గుండా ఒకే ప్రవాహం సాగుతుంది. కనుక వాటిలో బలహీనమైనదే మొత్తం వరుస శక్తిని నిర్ణయిస్తుంది. పదిహేను ఘటాలకు 100 ఆంపియర్ గంటల సామర్థ్యం ఉండి, ఒక్కదానికి 70 మాత్రమే ఉంటే, ఆ వరుస నుండి లభించేది 70 మాత్రమే. ఆపైన కూడా బలవంతంగా శక్తిని తీస్తే, ఖాళీ అయిన ఆ ఒక్క ఘటంలోకి మిగిలిన పదిహేను ఘటాల ప్రవాహం దూసుకుపోయి దాని ధ్రువాలు తారుమారవుతాయి. అది ఉబ్బి, వేడెక్కి, పాడవుతుంది. దారం బలం ఎంతంటే దానిలోని అతి సన్నని పోగు బలమంత. కాబట్టి ఒకే తయారీ, ఒకే సామర్థ్యం, ఒకే వయస్సు గల ఘటాలను మాత్రమే ఒక వరుసలో కూర్చాలి. పొదుపు పేరిట పాతవాటి మధ్య కొత్తవాటిని చేర్చడం కొత్తవాటి ఆయుష్షును కూడా హరిస్తుంది.

ప్రతి ఘటం ఓల్టేజిని విడివిడిగా గమనిస్తూ ఉండే సాధనం బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ. వాడుకలో దీనిని బి.ఎం.ఎస్. అంటారు. ఘటాలలో ఏ ఒక్కటి అయినా 3.65 ఓల్టులు దాటితే నింపడాన్ని, 2.5 ఓల్టులకు దిగితే వాడకాన్ని ఇది నిలిపివేస్తుంది. వేడి మితిమీరినా అంతే. ఘటాల నడుమ కొద్దిపాటి హెచ్చుతగ్గులను సరిచేసే పని కూడా దీనిదే. అయితే పడవ నడుమ దారిలో ఉండగా ఈ వ్యవస్థ ఒక్కసారిగా ప్రవాహాన్ని ఆపివేస్తే మోటారు నిలిచిపోతుంది. అలలు విరిగే చోట అది కూడా ప్రమాదమే. అందువల్ల రెండు వరుసలకు వేర్వేరు నిర్వహణ వ్యవస్థలను అమర్చుతారు. ఒకటి విరమించినా రెండవది తగ్గిన వేగంతోనైనా పడవను ఒడ్డుకు చేరుస్తుంది. దిక్కు చూపే పరికరానికి, రేడియోకు, దీపానికి ఈ బ్యాంకుతో సంబంధం లేని చిన్న బ్యాటరీ ఒకటి ఉండడం మరింత క్షేమం.

సమాంతర సంధానంలో మరొక విధమైన జాగ్రత్త కావాలి. వేర్వేరు మట్టాలలో నీరున్న రెండు తొట్లను అడుగున గొట్టంతో కలిపితే, ఎక్కువ మట్టం నుండి తక్కువ మట్టానికి నీరు వడిగా దూకుతుంది. ఓల్టేజీలు సమానం కాని రెండు వరుసలను కలిపినప్పుడు జరిగేది ఇదే. వాటి మధ్య భేదం 2 ఓల్టులు, వలయంలోని మొత్తం నిరోధం 0.02 ఓమ్‌లు అనుకొంటే, కలిపిన తక్షణం 100 ఆంపియర్ల ప్రవాహం పుడుతుంది. మోటారు పూర్తి బలంతో తిరిగేటప్పటి ప్రవాహం అది! కాబట్టి రెండు వరుసలను విడివిడిగా పూర్తిగా నింపి, ఓల్టేజీలను మీటరుతో సరిచూసి, ఆ తరువాతనే కలపాలి.

కలిపిన తరువాత మోటారుకు తీగలు ఎక్కడి నుండి తీయాలన్నది మరొక ప్రశ్న. బ్యాటరీలు పక్కపక్కన ఉన్నప్పుడు ధనాగ్రపు తీగను, ఋణాగ్రపు తీగను రెంటినీ మొదటి బ్యాటరీ నుండే తీయడం పరిపాటి. అది పొరపాటు. వంశధార ఎడమ కాలువ వెంబడి ఉన్న రైతులకు ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. కాలువ మొదట ఉన్న పొలం ముందుగా తడుస్తుంది. శివారు పొలం నీటికి ఎదురుచూస్తుంది. బ్యాటరీలలో దీనికి భిన్నంగా, మొదటిది ఎక్కువగా శ్రమించి త్వరగా కృశిస్తుంది. చివరిది సోమరిగా మిగిలిపోతుంది. నడుమ ఉన్న తీగముక్కల స్వల్ప నిరోధమే దీనికి కారణం. ధనాగ్రపు తీగను ఒక కొసనున్న బ్యాటరీ నుండి, ఋణాగ్రపు తీగను రెండవ కొసనున్న బ్యాటరీ నుండి తీస్తే, ఏ బ్యాటరీ గుండా లెక్కించినా దారి పొడవు దాదాపు సమానమవుతుంది. రెండు మూడు బ్యాటరీలకు ఈ ఐమూల పద్ధతి చాలు. అంతకు మించితే సమానమైన పొడవు గల తీగలతో అన్నింటినీ ఒకే రాగిపట్టీకి చేర్చడం ఉత్తమం.

తీగ, ముడి, ఫ్యూజు

ఎంత మంచి ఘటాలైనా తీగ సన్నమైతే ఫలితం ఉండదు. బ్యాంకు నుండి మోటారుకు 5 మీటర్ల దూరం ఉంటే, పోయిరావడానికి 10 మీటర్ల తీగ కావాలి. 10 చదరపు మిల్లీమీటర్ల మందం గల రాగితీగలో 100 ఆంపియర్లు ప్రవహిస్తే, 1.7 ఓల్టులు దారిలోనే ఖర్చవుతాయి. 170 వాట్ల వేడి పుడుతుంది. తీగపై తొడుగు మెత్తబడుతుంది. 35 చదరపు మిల్లీమీటర్ల తీగలో ఆ నష్టం అర ఓల్టుకు, 50 వాట్లకు తగ్గుతుంది. రాగి ధర చూసి సన్నని తీగ కొన్నవాడు ఆ ధరను ప్రతిరోజూ వేడి రూపంలో చెల్లిస్తూనే ఉంటాడు.

తీగకన్నా కీలకమైనది ముడి, అనగా తీగ బ్యాటరీని తాకే చోటు. అక్కడ ఒక నట్టు వదులై 0.01 ఓమ్ నిరోధం ఏర్పడిందనుకొందాం. అది చాలా స్వల్పమనిపిస్తుంది. కాని 100 ఆంపియర్ల ప్రవాహంలో ఆ ఒక్క బిందువు వద్ద 100 వాట్ల వేడి పుడుతుంది. నూరు వాట్ల బల్బు వేడి అంతా గోరంత చోట పోగుపడితే ఏమవుతుందో ఊహించవచ్చు. అలల తాకిడికి నిత్యం కంపించే పడవలో నట్లు వదులు కావడం సహజం. కాబట్టి తీగ కొసకు తగిన లగ్గును యంత్రంతో నొక్కి బిగించాలి. చేతితో మెలిపెట్టి వదలరాదు. లగ్గు నేరుగా బ్యాటరీ అగ్రాన్ని తాకాలి. వాషర్లు దానిపైన రావాలి, నడుమ రాకూడదు. కొద్ది రోజులకొకసారి, విద్యుత్తును విడదీసి, ప్రతి నట్టును సరిచూడాలి. తెప్ప ముడులను తడిమి చూసిన పెద్దల అలవాటు ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది.

ఫ్యూజు లేని బ్యాటరీ బ్యాంకు కళ్లెం లేని గుర్రం. ఇంటి విద్యుత్తుకు భయపడేవారు కూడా బ్యాటరీని చులకనగా చూస్తారు. 51 ఓల్టులు పొడి చేతిని తాకినప్పుడు పెద్దగా తెలియకపోవచ్చు. కాని ఉప్పునీట తడిసిన శరీరానికి ఆ రక్షణ ఉండదు. అంతకుమించిన ముప్పు ప్రవాహంలో ఉంది. ధన, ఋణ అగ్రాల నడుమ పొరపాటున ఒక పానా పడి, మొత్తం నిరోధం 0.02 ఓమ్‌లకు చేరితే 2,500 ఆంపియర్లకు మించిన ప్రవాహం పుడుతుంది. పానా ఎర్రగా కాలి కరుగుతుంది; నిప్పురవ్వలు చిమ్ముతాయి. అందువల్ల ప్రతి వరుసకు ధనాగ్రానికి వీలైనంత దగ్గరగా ఒక ఫ్యూజు ఉండాలి. ఫ్యూజుకు, బ్యాటరీకి నడుమ ఉన్న తీగకు ఏ రక్షణా ఉండదు కనుకనే ఈ దగ్గరితనం. రెండు వరుసలకూ విడివిడిగా ఫ్యూజు ఎందుకంటే, ఒక వరుసలో లోపం ఏర్పడినప్పుడు ఆరోగ్యంగా ఉన్న రెండవ వరుసే దానిలోకి ప్రవాహాన్ని కుమ్మరిస్తుంది.

ఫ్యూజు, స్విచ్చి ఏకముఖ విద్యుత్తు కోసం తయారైనవే కావాలి. ఇంటిలోని ఏకాంతర విద్యుత్తు క్షణానికి నూరుసార్లు శూన్యాన్ని తాకుతుంది; ఆ శూన్యక్షణంలో స్విచ్చి మధ్య లేచిన మెరుపు ఆరిపోతుంది. బ్యాటరీ నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తుకు ఆ విరామం లేదు. ఇంటి స్విచ్చిని పడవలో అమర్చితే ఆ మెరుపు ఆరక స్విచ్చినే దహించవచ్చు. పని చేసేవారు ఉంగరం, గడియారం, కడియం ముందుగా తీసివేయాలి. పానా పిడికి రబ్బరు పట్టీ చుట్టాలి. ఫ్యూజును అన్నింటికన్నా చివర అమర్చాలి. విప్పేటప్పుడు అన్నింటికన్నా ముందు తీయాలి.

ఉప్పు, నీరు, బరువు

నౌపడా ఉప్పుమళ్ల గాలి సోకిన ఇనుప తలుపు ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఆ ప్రాంతీయులు ఎరుగుదురు. పడవలోని రాగితీగకు కూడా అదే గతి. తీగ కొస నుండి లోపలికి చెమ్మ పాకి, రాగి పచ్చబడి, నిరోధం పెరుగుతుంది. దీనికి విరుగుడు మన వంటింట్లోనే ఉంది. రాగి, ఇత్తడి పాత్రలకు చిలుము పట్టకుండా కళాయి పూయించడం పూర్వాచారం. సముద్రపు పడవలకు వాడే మేలిరకం తీగలో కూడా ప్రతి రాగిపోగుకు తగరపు కళాయి ఉంటుంది. లగ్గు మీద వేడికి కుదించుకుపోయే గొట్టాన్ని తొడిగి, బయటి లోహంపై రక్షక లేపనం పూస్తే చెమ్మ చొరబడదు. బ్యాటరీ పెట్టెను పడవ అడుగున చేరే నీటికి అందని ఎత్తులో, బోర్లపడినా కదలనట్లుగా పట్టీలతో బంధించాలి. సీసపు బ్యాటరీలు వాడితే, నింపేటప్పుడు వెలువడే హైడ్రోజన్ వాయువు పైకి పోయే మార్గం ఉండాలి. గాలిలో అది 4 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే మండుతుంది.

ఉద్దానం తీరంలో బరువు మరొక సమస్య. రేవు లేని ఊళ్లలో పడవను అలల మీదికి నెట్టేది, తిరిగి ఇసుకపైకి లాగేది మనుషుల భుజబలమే. పైన చెప్పిన 10.24 కిలోవాట్ గంటల లిథియం బ్యాంకు సుమారు 100 కిలోల బరువు ఉంటుంది. సీసపు బ్యాటరీలను సగానికి మించి వాడితే ఆయుష్షు క్షీణిస్తుంది కనుక, అంత ఉపయోగం పొందాలంటే నాలుగైదు వందల కిలోల సీసం మోయాలి.

ఈ బ్యాంకు పడవను ఎంత దూరం నడుపుతుంది? ఎనభై శాతం వాడుకొంటే దాదాపు 8.2 కిలోవాట్ గంటలు లభిస్తాయి. 5 కిలోవాట్ల పూర్తి బలంతో గంటన్నరకు పైచిలుకు మాత్రమే నడపవచ్చు. కాని నీటిని చీల్చుకుపోయే పడవకు కావలసిన బలం, స్థూలంగా, వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే ఎనిమిదో వంతు బలం చాలు. ప్రయాణకాలం రెట్టింపైనా, అదే దూరానికి అయ్యే శక్తి నాలుగో వంతే. నిదానం ప్రధానమన్న పెద్దల మాటకు ఇంతకంటె కచ్చితమైన గణితం దొరకదు.

అయినా ఒక నిజాన్ని దాచరాదు. లీటరు డీజిలులో దాదాపు 10 కిలోవాట్ గంటల శక్తి ఇమిడి ఉంది. ఇంజను దానిలో నాలుగో వంతో, మూడో వంతో మాత్రమే పనిగా మార్చగలదు. విద్యుత్ మోటారు తొంభై శాతం దాకా మార్చగలదు. ఆ లెక్కన కూడా మన బ్యాంకు చేసే పని రెండు మూడు లీటర్ల డీజిలుతో సమానం. కనుక ఒడ్డుకు దగ్గరగా సాగే వేటకు, ఉప్పుటేరులు దాటడానికి, సరస్సులలో ప్రయాణానికి ఇది తగినది. రోజుల తరబడి సాగే దూరపు వేటకు ఇది ఇంకా సరిపోదు. సరస్సులోని ఆదిత్య విజయాన్ని చూసి సముద్రంలోనూ అంతే అనుకోవడం తొందరపాటు. పరిమితి తెలిసినవాడే సాధనాన్ని సురక్షితంగా వాడగలడు.

బ్యాటరీలకు విశ్రాంతికాలం కూడా ఉంటుంది. చేపల సంతానోత్పత్తి కోసం తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఇంజను పడవల వేటపై నిషేధం అమలవుతుంది. ఆ అరవై ఒక్క రోజులు సీసపు బ్యాటరీని ఖాళీగా వదిలితే దాని పలకలపై సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం తిరిగి రాదు; దానిని నింపి ఉంచాలి. లిథియం బ్యాటరీని మాత్రం సుమారు సగం నింపి, ఎండ తగలని చల్లని చోట, తీగలు విడదీసి భద్రపరచాలి. ఒకదానికి హితమైనది మరొకదానికి హితం కాదు.

ఈ విద్య పడవకే పరిమితం కాదు. 2018 అక్టోబర్ 11 వేకువజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలులకు ఏళ్ల తరబడి బిడ్డల్లా పెంచుకొన్న కొబ్బరి, జీడి చెట్లు కూకటివేళ్లతో కూలిపోయాయి. విద్యుత్ స్తంభాలు నేలకొరిగి అనేక గ్రామాలు రోజుల తరబడి అంధకారంలో మగ్గాయి. అటువంటి వేళ నాలుగు సౌరఫలకాలు, సక్రమంగా కట్టిన ఒక బ్యాటరీ బ్యాంకు ఉంటే ఊరి ఆరోగ్య కేంద్రంలో దీపం వెలుగుతుంది. దూరాన ఉన్న బిడ్డకు క్షేమవార్త చేరవేసే ఫోను పలుకుతుంది. ఒక కిలోవాటు సౌరఫలకాలు ఎండ ఉన్న రోజున నాలుగు కిలోవాట్ గంటల వరకు అందిస్తాయి. అక్రమంగా కట్టినది మాత్రం ఆపద మీద ఆపద తెస్తుంది.

శ్రేణి, సమాంతర సంధానాలను విద్యార్థులు పదవ తరగతిలోనే చదువుతారు. పరీక్షలో రెండు పటాలు గీసి మార్కులు పొందుతారు. ఆ పటాలలోని గీతలకు మందం లేదు, నిరోధం లేదు, తుప్పు లేదు. సముద్రం మీద ప్రతి గీతకు మందం ఉంది, ప్రతి ముడికి మూల్యం ఉంది. దుంగల బలంకన్నా కట్టు బలం మిన్న అని తెప్ప కట్టిన నిరక్షరాస్యుడు ఏనాడో గ్రహించాడు. చదువుకొన్న తరం ఆ గ్రహింపును రాగితీగకు అన్వయించగలిగితే చాలు. సమానమైన వాటిని చేర్చడం, బిగువుగా కట్టడం, కట్టినదాన్ని మరల మరల తడిమి చూడడం, ఈ మూడింటి మీదనే వేటకు వెళ్లినవారి తిరుగు ప్రయాణం ఆధారపడి ఉంది.

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తెప్పకట్టుకు, బ్యాటరీల సంధానానికి గల సామ్యాన్ని పాఠం ఆధారంగా వివరించండి.
2. బ్యాటరీ బ్యాంకులో సమానత్వం మూలసూత్రమని ఎట్లా చెప్పగలరు?

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఫ్యూజును ధనాగ్రానికి దగ్గరగా ఎందుకు అమర్చాలి?
2. వేట నిషేధ కాలంలో బ్యాటరీలను ఏ విధంగా భద్రపరచాలి?
3. పడవ వేగాన్ని సగానికి తగ్గించడం వల్ల కలిగే ప్రయోజనమేమి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ‘కాటమరాన్’ అనే మాట ఏ భాషాపదం నుండి పుట్టింది?
2. ‘ఆదిత్య’ నౌక ఏ సరస్సులో ప్రయాణిస్తుంది?

IV. కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
విద్యుద్ఘటం, ధనాగ్రం, పూర్వాచారం, నిరక్షరాస్యుడు